అమెరికా పన్ను లెక్కలో మీరు రెసిడెంటా, నాన్ రెసిడెంటా? రోజులు లెక్కపెట్టి తేల్చుకునే పద్ధతి

జనవరి నెలాఖరుకి డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను కోతలు చూపిస్తూ కంపెనీ ఇచ్చే పత్రాలు) చేతికందడం మొదలవుతుంది. అక్కణ్నుంచి ఏప్రిల్ 15 దాకా, ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రిటర్న్‌లు తయారుచేసే మాలాంటి వాళ్ల ఫోన్లకి విశ్రాంతి ఉండదు. డల్లస్ నుంచి పిల్లలు చేస్తారు, కూకట్‌పల్లి నుంచి వాళ్ల నాన్నలు చేస్తారు. ఎక్కువమంది మొదట అడిగేది "రిఫండ్ ఎంతొస్తుంది?" అని. రిఫండ్ దాకా వెళ్లాలంటే ముందు ఇంకో సంగతి తేలాలి: ఆ సంవత్సరానికి అమెరికా పన్ను చట్టం లెక్కలో మీరు రెసిడెంటా, నాన్ రెసిడెంటా?

అది తేల్చుకోకుండా వేస్తే మిగతా అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఆ రిటర్న్ తప్పే. రెసిడెంట్ అయితే ఫారం 1040. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపించాలి, అందులో అమీర్‌పేటలో అమ్మ పేరుతో జాయింట్‌గా ఉన్న ఎఫ్‌డీ వడ్డీలో మీ వాటా కూడా ఉంటుంది. నాన్ రెసిడెంట్ అయితే ఫారం 1040-ఎన్‌ఆర్. అమెరికాలో పుట్టిన ఆదాయం చూపిస్తే చాలు, కాకపోతే రెసిడెంట్లకి దొరికే క్రెడిట్లు (పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తాలు) చాలావరకు దొరకవు.

ఇంకో మాట మొదట్లోనే మనసులో పెట్టుకోండి. ఇమిగ్రేషన్ స్టేటస్ వేరు, ట్యాక్స్ స్టేటస్ వేరు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అయిదేళ్లుగా అక్కడే ఉంటున్న కుర్రాడు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ కావచ్చు. మనవణ్ని చూసుకోవడానికి టూరిస్టు వీసా మీద వెళ్లిన అమ్మమ్మ అదే లెక్కలో రెసిడెంట్ కావచ్చు. వీసా పేరు చూసి ఊహించకండి. కింద చెప్పే వరుసలోనే వెళ్లండి, ఒక అడుగు దాటేసి ఇంకోదానికి పోవద్దు.

మొదటి అడుగు: తేదీల పట్టిక

ఫారం తెరవకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి, ఎక్సెల్ అయినా సరే. నాలుగు గడులు చాలు: అమెరికాలో దిగిన తేదీ, అమెరికా నుంచి బయల్దేరిన తేదీ, ఆ సమయంలో ఉన్న వీసా స్టేటస్, మొత్తం రోజులు. కనీసం మూడేళ్లవి రాయాలి. విద్యార్థిగా వెళ్లినవాళ్లు మొట్టమొదట ఎప్పుడు దిగారో అక్కణ్నుంచి రాయాలి.

తేదీలు గుర్తున్నట్టే ఉంటాయి కానీ జ్ఞాపకం మీద రాయకండి. అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల ఐ-94 వెబ్‌సైటులో పాస్‌పోర్ట్ నంబరు ఇస్తే రాకపోకల చరిత్ర కనిపిస్తుంది. దాన్ని ప్రింట్ తీసుకుని పాస్‌పోర్ట్ ముద్రలతో, ఈమెయిల్‌లో ఉన్న విమాన టికెట్లతో సరిచూడండి. మధ్యలో పాస్‌పోర్ట్ రెన్యూ చేయించి ఉంటే పాతది కూడా బయటికి తీయండి. శంషాబాద్‌లో వేసిన ముద్ర మీరు ఇండియా దాటిన తేదీ చెబుతుంది, అమెరికాలో దిగిన తేదీ దానికి మర్నాడు కావచ్చు. లెక్కకి కావలసింది అమెరికా నేల మీద ఉన్న రోజే.

తేదీ రాసేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాయండి. 03-07-2024 అని నాన్న ఇక్కడ రాస్తే జులై 3. అదే కొడుకు అక్కడ చదివితే మార్చి 7. వాట్సాప్‌లో వచ్చిన ఇలాంటి ఒక్క తేదీ వల్ల పట్టికలో నాలుగు నెలలు అటూ ఇటూ అయిపోతాయి. "జులై 3, 2024" అని రాస్తే ఆ గొడవే ఉండదు.

రోజులు లెక్కపెట్టే నియమం ఇది: ఆ రోజులో కాసేపు ఉన్నా ఆ రోజు మొత్తం లెక్కలోకి వస్తుంది. రాత్రి 11 గంటలకి న్యూయార్క్‌లో దిగినా అది ఒక రోజే, తెల్లవారుజామున విమానం ఎక్కినా అది ఒక రోజే. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ కలపాలి. రెండు విదేశాల మధ్య ప్రయాణంలో అమెరికా ఎయిర్‌పోర్టు మీదుగా వెళ్తూ 24 గంటల లోపు ఆగితే ఆ రోజు వదిలేయొచ్చు.

రెండో అడుగు: గ్రీన్ కార్డు ఉందా?

ఉంటే లెక్కలు అక్కర్లేదు. ఆ ఏడాది ఒక్క రోజు గ్రీన్ కార్డు హోల్డర్‌గా ఉన్నా మీరు రెసిడెంటే. అంతకుముందు రెసిడెంట్ కాకపోతే, ఆ కార్డు మీద అమెరికాలో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచి అది మొదలవుతుంది.

ఈ విషయంలో ఎక్కువగా నష్టపోతున్నది హైదరాబాద్‌లో ఉంటున్న తల్లిదండ్రులే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. కూతురు సిటిజన్ అయ్యాక అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు తెప్పిస్తుంది. రెండు చలికాలాలు చూశాక వాళ్లు ఇక ఉండలేమని తిరిగొచ్చేస్తారు. కార్డు బీరువాలో ఉంటుంది. "మేం అక్కడ ఉండట్లేదు కదా, మాకేం పన్ను?" అంటారు. చట్టం అలా చూడదు. ఫారం ఐ-407 ఇచ్చి కార్డు వదులుకునేదాకా, లేదా ప్రభుత్వమే అధికారికంగా రద్దు చేసేదాకా వాళ్లు ట్యాక్స్ రెసిడెంట్లే. కార్డు మీద గడువు తేదీ దాటిపోయినంత మాత్రాన ట్యాక్స్ స్టేటస్ ముగియదు. ఇక్కడి పెన్షన్, అద్దె, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ అక్కడి రిటర్న్‌లో చూపించాల్సిందే. తిరిగి వెళ్లే ఉద్దేశం లేకపోతే కార్డు సంగతి త్వరగా తేల్చేసుకోండి. గత 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవాళ్లయితే వదులుకునే ముందు తప్పనిసరిగా నిపుణుల్ని కలవండి. ఆ దశలో ఫారం 8854, దాని వెనక ఎక్స్‌పాట్రియేషన్ ట్యాక్స్ (కార్డు వదులుకునేవాళ్ల మీద పడగల పన్ను) నియమాలు ఉంటాయి.

మూడో అడుగు: ఏ రోజులు లెక్కలోంచి తీసేయాలి?

గ్రీన్ కార్డు లేనివాళ్లకి సబ్‌స్టాన్షియల్ ప్రెజెన్స్ టెస్ట్ ఉంటుంది, అంటే రోజుల పరీక్ష. దానికి ముందు కొందరి రోజుల్ని సున్నాగా తీసుకోవాలి. చట్టం వాళ్లని "ఎగ్జెంప్ట్ ఇండివిడ్యువల్" అంటుంది. పన్ను నుంచి మినహాయింపు అని చాలామంది అర్థం చేసుకుంటారు. కాదు, రోజుల లెక్క నుంచి మాత్రమే మినహాయింపు.

ఎఫ్, జె, ఎం, క్యూ వీసాల మీదున్న విద్యార్థులకి అయిదు క్యాలెండర్ సంవత్సరాల పాటు ఈ మినహాయింపు ఉంటుంది. ఓపీటీ (విద్యార్థి వీసా మీదే చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి), దాని పొడిగింపు అయిన స్టెమ్ ఓపీటీలో ఉన్నా స్టేటస్ ఎఫ్-1 కాబట్టి మినహాయింపు సాగుతుంది. ఎఫ్-2 మీద వెళ్లిన భార్యకీ, భర్తకీ, పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. జె-1 మీద వెళ్లిన టీచర్లు, ట్రైనీలకి నియమం వేరు. వాళ్లకి స్థూలంగా ఆరేళ్లలో రెండేళ్లే.

ఇక్కడ "క్యాలెండర్ సంవత్సరం" అన్న మాట దగ్గర ఆగండి. అయిదేళ్లంటే దిగిన రోజు నుంచి 60 నెలలు కాదు. ఏ సంవత్సరంలో ఒక్క రోజు విద్యార్థిగా ఉన్నా ఆ సంవత్సరం మొత్తం వాడేసినట్టే. స్ప్రింగ్ సెమిస్టర్‌కి వెళ్లేవాళ్ల సంగతి చూడండి. ఒకమ్మాయి 2022 డిసెంబర్ 28న దిగింది, ఆమె స్నేహితురాలు 2023 జనవరి 3న దిగింది. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఒకే క్లాసు. మొదటి అమ్మాయికి 2022 నుంచి 2026 దాకా మినహాయింపు. రెండో అమ్మాయికి 2023 నుంచి 2027 దాకా. ఆరు రోజుల తేడాకి ఒక ఏడాది మారిపోయింది. అయిదేళ్ల లెక్క జీవితకాలానికి సంబంధించింది కూడా. పదేళ్ల కింద ఒక మాస్టర్స్ చేసి హైదరాబాద్ తిరిగొచ్చి, ఇప్పుడు మళ్లీ ఎఫ్-1 మీద పీహెచ్‌డీకి వెళ్తుంటే అప్పటి సంవత్సరాలు కూడా ఇందులో కలుస్తాయి.

2021 ఆగస్టులో వెళ్లిన విద్యార్థికి 2021, 22, 23, 24, 25 అయిపోయాయి. ఇంకా ఎఫ్-1 మీదే ఉన్నా 2026 జనవరి 1 నుంచి అతని రోజులు లెక్కలోకి వస్తాయి. ఎటూ కదలకుండా అక్కడే ఉంటే జులై 2కి 183 రోజులు నిండుతాయి. అప్పుడు జనవరి 1 నుంచే రెసిడెంట్ అయినట్టు. వీసా మారలేదు, కంపెనీ మారలేదు, అయినా స్టేటస్ మారింది. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పెన్షన్, వృద్ధుల వైద్య పథకాలు) కోత కూడా ఆ ఏడాది మొదలవుతుంది. హెచ్‌ఆర్ వాళ్లకి ముందే చెప్పి పెట్టుకుంటే మంచిది.

ఈ మినహాయింపు వాడుకునే ప్రతి ఒక్కరూ ప్రతి ఏడాదీ ఫారం 8843 ఇవ్వాలి. ఒక్క డాలర్ సంపాదించకపోయినా ఇవ్వాలి. ఎఫ్-2 మీదున్న మూడేళ్ల పాపకి కూడా విడిగా ఒకటి ఉండాలి. జీతం ఉంటే రిటర్న్‌తో పాటు ఏప్రిల్ 15 లోపు పంపాలి. అసలు ఆదాయమే లేకపోతే జూన్ 15 లోపు సంతకం చేసి టెక్సాస్‌లోని ఆస్టిన్‌కి పోస్టులో పంపాలి. పోస్టు చేసిన రసీదు జాగ్రత్త చేయండి.

తల్లిదండ్రులకి పనికొచ్చే మినహాయింపు ఇంకొకటుంది. తిరుగు టికెట్ చేతిలో ఉండగా అక్కడే జబ్బుపడి కదల్లేకపోతే, ఆ కారణంగా ఉండిపోయిన రోజులు లెక్కలోకి రావు. ఆ జబ్బు అక్కడికి వెళ్లాక వచ్చిందై ఉండాలి. ఇక్కడ ముందునుంచీ ఉన్నదై, దాని సంగతి తెలిసే వెళ్లి ఉంటే కుదరదు. దీనికీ ఫారం 8843నే, డాక్టర్ ధ్రువీకరణతో.

నాలుగో అడుగు: లెక్క

ఇప్పుడు పట్టికలో మిగిలిన రోజులు తీసుకోండి. ఈ ఏడాదివి పూర్తిగా, నిరుటివాటిలో మూడో వంతు, ముందటేటివాటిలో ఆరో వంతు. మూడూ కలిపితే 183 లేదా అంతకు మించి రావాలి, ఈ ఒక్క ఏడాదివే కనీసం 31 ఉండాలి. రెండూ నిజమైతే మీరు రెసిడెంట్. ఏ ఒక్కటి తప్పినా నాన్ రెసిడెంట్.

హెచ్-1బి లేదా ఎల్-1 ఉద్యోగ వీసాల మీద ఇక్కణ్నుంచి నేరుగా వెళ్లేవాళ్లకి జులై 2 సరిహద్దు. అంతకుముందు రెండేళ్లలో అమెరికా వెళ్లకుండా, జులై 2న దిగి డిసెంబర్ 31 దాకా అక్కడే ఉంటే సరిగ్గా 183 రోజులు. జులై 3న దిగితే 182, నాన్ రెసిడెంట్. నిరుడు ఆఫీసు పని మీద బి-1లో ఒక నెల వెళ్లొచ్చి ఉంటే ఆ 30 రోజుల్లో మూడో వంతు, అంటే 10 కలుస్తాయి. అప్పుడు సరిహద్దు జులై 12కి జరుగుతుంది. ఆన్‌సైట్ వెళ్లేవాళ్లు ఆ చిన్న ట్రిప్పుల్ని పట్టికలో వేయడమే మరిచిపోతుంటారు.

ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారే ఏడాది మీదే నాకు వచ్చే ప్రశ్నలన్నిటిలో ఎక్కువ. 2023 ఆగస్టులో వెళ్లిన అబ్బాయికి 2025 అక్టోబర్ 1న హెచ్-1బి మొదలైందనుకోండి. సెప్టెంబర్ 30 దాకా అతని రోజులు సున్నా. అక్టోబర్ 31, నవంబర్ 30, డిసెంబర్ 31 కలిపితే 92. 183 కాలేదు కాబట్టి 2025కి అతను నాన్ రెసిడెంట్, 1040-ఎన్‌ఆర్ వేయాలి. "హెచ్-1 వచ్చేసింది కదా, 1040 వేసేయ్" అని రూమ్మేట్ చెప్పే సలహా ఈ ఏడాదికి పనికిరాదు. వచ్చే ఏడాదికి మాత్రం ఈ 92లో మూడో వంతు కూడా తోడవుతుంది, అతను అక్కడే ఉంటే 2026 జనవరి 1 నుంచి రెసిడెంట్.

అయిదో అడుగు: అమ్మానాన్నల లెక్క, ఫారం 8840

విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. ఆరు నెలల లోపు తిరిగొస్తే ఏ చిక్కూ లేదని అందరి నమ్మకం. ఇమిగ్రేషన్ వరకు అది సరే.

పన్ను లెక్క చూడండి. కేపీహెచ్‌బీ నుంచి ఒక దంపతులు 2024లో మొదటిసారి వెళ్లి 180 రోజులు ఉన్నారు. 180 అంటే 183 లోపే, ఆ ఏడాది నాన్ రెసిడెంట్లే. 2025లో కోడలికి కాన్పు, మళ్లీ వెళ్లారు. ఈసారి 130 రోజులే. 130కి నిరుటి 180లో మూడో వంతు 60 కలిపితే 190. ఇద్దరూ 2025కి రోజుల పరీక్ష ప్రకారం రెసిడెంట్లయిపోయారు. 122 రోజులకే తిరిగొచ్చి ఉంటే 182తో బయటపడేవాళ్లు. ఏటా వెళ్లేవాళ్ల సంగతి ఇంకా దగ్గర: మూడేళ్లూ 120 రోజుల చొప్పున ఉంటే 120, 40, 20 కలిపి 180. 122 చొప్పున అయితే 183. కాబట్టి ఏటా నాలుగు నెలలు దాటి ఉండాలనుకునేవాళ్లు టికెట్ బుక్ చేసేముందే ఈ లెక్క వేసుకోండి. తర్వాత వేస్తే చేయగలిగేది తక్కువ.

మూడేళ్ల లెక్క మొత్తం 183 దాటినా దారి ఉంది. ఈ ఒక్క ఏడాదిలో అమెరికాలో 183 రోజుల కన్నా తక్కువ ఉండి, ఏడాదంతా మీ ట్యాక్స్ హోమ్ (ప్రధానంగా పనిచేసే చోటు, పని లేకపోతే మామూలుగా నివసించే చోటు) ఇండియానే అయి, మీ అనుబంధం ఇండియాతోనే ఎక్కువని చూపించగలిగితే నాన్ రెసిడెంట్‌గానే ఉండొచ్చు. దీన్ని క్లోజర్ కనెక్షన్ మినహాయింపు అంటారు. దానికే ఫారం 8840. అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి విడివిడిగా.

ఆ ఫారంలో అడిగేవి మన ఇంట్లో జవాబు దొరికే ప్రశ్నలే. మీ శాశ్వత ఇల్లు ఎక్కడ? కుటుంబం ఎక్కడ ఉంది? కారు ఎక్కడుంది? సామానంతా ఎక్కడుంది? బ్యాంకు లావాదేవీలు ఎక్కడ? డ్రైవింగ్ లైసెన్స్ ఏ దేశానిది? ఓటు ఎక్కడ నమోదైంది? హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్, ఇక్కడే పెన్షన్ ఖాతా, ఇక్కడే ఓటు, తెలంగాణ లైసెన్సు ఉన్న రిటైరైన దంపతులకి ఇది నింపడం కష్టం కాదు. కష్టమల్లా గడువు గుర్తుంచుకోవడం. అమెరికాలో జీతం లేనివాళ్లకి మరుసటి ఏడాది జూన్ 15. ఆ లోపు ఇవ్వకపోతే మినహాయింపు అడిగే హక్కే పోవచ్చు. తర్వాత దాన్ని కాపాడుకోవాలంటే, గడువు పాటించడానికి తగిన ప్రయత్నం చేశారని బలమైన ఆధారాలతో నిరూపించుకోవాలి. కొడుకు తన రిటర్న్ వేసేరోజే అమ్మానాన్నల 8840లు కూడా పూర్తి చేసేయాలని నా సలహా.

ఇందులో ఒక అడ్డంకి ఉంది. ఆ ఏడాది మీరు గ్రీన్ కార్డు కోసం అప్లై చేసినా, గ్రీన్ కార్డు స్టేటస్‌కి మారే దరఖాస్తు (అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్) పెండింగ్‌లో ఉన్నా క్లోజర్ కనెక్షన్ దొరకదు. ఇండియాతో మీ బంధం ఎంత గట్టిదైనా సరే.

క్లోజర్ కనెక్షన్ కుదరనివాళ్లకి, రెండు దేశాల్లోనూ రెసిడెంట్ అయ్యేవాళ్లకి ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలో నాలుగో ఆర్టికల్ ఉంది. అది వరుసగా చూస్తుంది: శాశ్వత నివాసం ఎక్కడ, అది రెండుచోట్లా ఉంటే వ్యక్తిగత, ఆర్థిక సంబంధాల కేంద్రం ఎక్కడ, అది తేలకపోతే అలవాటుగా ఉండే దేశమేది, అదీ తేలకపోతే పౌరసత్వం. చివరికి రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని తేల్చాలి. ఇది వాడుకుంటే 1040-ఎన్‌ఆర్‌తో ఫారం 8833 జతచేయాలి. ఈ పని మాత్రం సొంతంగా చేయకండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి: కార్డు వచ్చాక ట్యాక్స్ రిటర్న్‌లో ఎప్పుడైనా నాన్ రెసిడెంట్ అని చెప్పుకున్నారా అని సిటిజన్‌షిప్ దరఖాస్తు సూటిగా అడుగుతుంది.

ఆరో అడుగు: ఏడాది మధ్యలో మారితే

వెళ్లిన ఏడాది చాలామందికి రెండు ముక్కలవుతుంది. మే 10న హెచ్-1బి మీద దిగి అక్కడే ఉంటే ఆ రోజు నుంచి రెసిడెంట్, అంతకుముందు నాన్ రెసిడెంట్. దీన్ని డ్యూయల్ స్టేటస్ అంటారు. మే 10కి ముందు హైదరాబాద్‌లో సంపాదించిన జీతం అమెరికాకి అక్కర్లేదు. దానికి బదులు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, భార్యాభర్తలు మామూలుగా కలిపి వేయలేరు.

పెళ్లైనవాళ్లకి ఎంపిక ఉంది. డిసెంబర్ 31 నాటికి ఇద్దరిలో ఒకరు రెసిడెంట్ అయితే, రెండోవారిని కూడా ఏడాది మొత్తం రెసిడెంట్‌గా చూడమని ఇద్దరూ సంతకాలు పెట్టి కోరవచ్చు. 2025కి కలిపి వేసే దంపతుల స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు, అందుకే అందరి చూపూ దీనిమీదే. కానీ దానితో ఇద్దరి ప్రపంచ ఆదాయమూ ఏడాది మొత్తానిది లోపలికి వస్తుంది. మాదాపూర్‌లో సెప్టెంబర్ దాకా ఉద్యోగం చేసి, అక్టోబర్‌లో హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్లిన అమ్మాయి జనవరి నుంచి సెప్టెంబర్ దాకా తీసుకున్న జీతమంతా భర్తతో కలిపి వేసే రిటర్న్‌లో చూపించాలి. ఇక్కడ కట్టిన పన్నుకి ఫారం 1116 ద్వారా ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఆమెకి డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ (పన్ను గుర్తింపు నంబరు) కూడా అడగాలి. రెండు రకాలుగా లెక్కవేసి పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే నిర్ణయించుకోండి. ఈ ఎంపిక తర్వాతి ఏళ్లకీ సాగుతుంది, ఒకసారి రద్దు చేసుకుంటే మళ్లీ దొరకదు.

అక్టోబర్ 1న హెచ్-1బి వచ్చినవాళ్లకి ఫస్ట్ ఇయర్ చాయిస్ అనే ఇంకో దారి ఉంది. వరుసగా 31 రోజులు అక్కడ ఉండి, ఆ 31 మొదలైన రోజు నుంచి డిసెంబర్ 31 దాకా 75 శాతం రోజులు ఉండి, మరుసటి ఏడాది రోజుల పరీక్ష నెగ్గితే దీన్ని అడగొచ్చు. ఆ పరీక్ష నెగ్గేదాకా రిటర్న్ వేయకూడదు కాబట్టి ఫారం 4868తో గడువు పెంచుకోవాలి. ఒంటరిగా ఉన్నవాళ్లకి ఇందులో పెద్ద లాభం కనిపించదు. పెళ్లైనవాళ్లు చూసుకోవచ్చు.

స్టేటస్ తేలాక

నాన్ రెసిడెంట్ విద్యార్థి అయితే ఇండియన్ అయినందుకు ఒక మేలు ఉంది. మామూలుగా నాన్ రెసిడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ లేదు. మన ఒప్పందంలోని 21వ ఆర్టికల్ రెండో పేరా వల్ల ఇండియన్ విద్యార్థులకి మాత్రం దొరుకుతుంది. 2025కి ఒంటరివాళ్లకి అది 15,750 డాలర్లు. ఓపీటీలో పనిచేస్తూ నాన్ రెసిడెంట్‌గా ఉంటే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం కోయకూడదు. డబ్ల్యూ-2లో 4, 6 గడులు చూడండి. అక్కడ అంకెలుంటే ముందు కంపెనీనే తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే అమెరికా పన్ను శాఖనే అడగాలి, దానికి ఫారం 843, దానితో 8316.

ఫోన్ యాప్‌లో స్టాక్స్ కొనే పిల్లలకి ప్రత్యేకంగా చెప్పాలి. ఎగ్జెంప్ట్ రోజులు రోజుల పరీక్షకి సున్నా కావచ్చు, స్టాక్ లాభాల మీద వేరే 183 రోజుల నియమం ఉంది, అందులో అసలు ఉన్న రోజులన్నీ లెక్కే. ఏడాదంతా అక్కడే ఉన్న నాన్ రెసిడెంట్ విద్యార్థికి అమెరికా స్టాక్ లాభం మీద 30 శాతం పన్ను పడుతుంది. రెసిడెంట్ అయిన సీనియర్ కట్టే రేటు చూసి లెక్క వేసుకోవద్దు.

రెసిడెంట్ అయినవాళ్లు ఇండియా ఖాతాల జాబితా రాయండి. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) ఫైల్ చేయాలి. గడువు ఏప్రిల్ 15, దానంతటదే అక్టోబర్ 15 దాకా పెరుగుతుంది. నాన్నతో జాయింట్‌గా ఉన్న ఖాతా, డబ్బంతా నాన్నదే అయినా, ఈ జాబితాలోకి వస్తుంది. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లకి ఫారం 8621 (విదేశీ ఫండ్ల వివరాలిచ్చే ఫారం) చిక్కులున్నాయి. వెళ్లకముందే వాటి సంగతి ఆలోచించుకోవడం మేలు. రాష్ట్ర పన్నుకి ఆయా రాష్ట్రాల నియమాలు వేరు. టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు, కాలిఫోర్నియాలో ఉంది, దాని రెసిడెన్సీ లెక్క దానిదే.

ఇండియా వైపు లెక్క ఇంకోటి, అది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్. లేదా ఈ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు. ఉద్యోగానికి విదేశం వెళ్లే ఏడాది భారతీయులకి ఆ 60 స్థానంలో 182 చూస్తారు. సెలవుకి వచ్చే ఎన్నారైలకి కూడా అంతే, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే మాత్రం 120. గచ్చిబౌలిలో పనిచేసే అమెరికన్‌కైనా, కొరియన్‌కైనా భారతీయ మూలాలు లేకపోతే ఆ 60 రోజుల నియమమే. రెండు దేశాల క్యాలెండర్లు వేరు కాబట్టి పట్టికలో ఇండియా రోజులకి ఇంకో గడి చేర్చుకోండి.

ఇప్పటికే ఎఫ్-1 మీద నాన్ రెసిడెంట్‌గా ఉంటూ 1040 వేసేసి ఉంటే నోటీసు కోసం ఎదురుచూడకండి. ఫారం 1040-ఎక్స్‌తో పాటు సరైన 1040-ఎన్‌ఆర్ జతచేసి సవరించుకోవచ్చు. ఎడ్యుకేషన్ క్రెడిట్ పేరుతో వచ్చిన డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు, వడ్డీ కూడా పడవచ్చు. మీకే రావాల్సింది ఉంటే మామూలుగా ఫైల్ చేసిన రోజు నుంచి మూడేళ్ల లోపు అడగాలి. సవరణ పంపేటప్పుడు తేదీల పట్టిక, ఐ-94 చరిత్ర, ఐ-20 (విద్యార్థి వీసాకి యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) కాపీలు ఒకే ఫైలులో పెట్టుకోండి. అక్కడివాళ్లు వివరణ అడిగితే మొదట చూపించాల్సినవి అవే.